తారీకు చివర్లో ఉంటుంది

ఎవరైనా ముందు తారీకే చూస్తారు. పెళ్లికార్డు చేతికి రాగానే, పేర్లూ ఊర్లూ తర్వాత, ముందు ఏ రోజు, ఏ వారం, ఆ రోజు మనకు కుదురుతుందా కుదరదా అని చూస్తారు. కోడలు నిలోఫర్ అయితే కార్డు కవర్లోంచి సగం బయటికి రాకముందే తారీకు చెప్పేస్తుంది. వహీదున్నీసాకు ఆ విద్య రాలేదు. యాభై రెండేళ్లకు అక్షరాలు దిద్దిన మనిషి, పైనుంచి మొదలుపెడితే కింది దాకా వరసగా నడవాల్సిందే, మధ్యలో దూకితే పడిపోతానని భయం. అందుకే ఈ పొద్దున ఆ ఇద్దరూ వెళ్లాక, తలుపు దగ్గరగా వేసి, మంచం మీద కూర్చుని, కార్డు మీద వేలు పెట్టి, పైనున్న దేవుడి పేరు దగ్గర మొదలుపెట్టి, పెళ్లికూతురి పేరు, వాళ్ల నాయన పేరు, ఊరు, పెళ్లికొడుకు పేరు, వాళ్ల నాయన పేరు, ఊరు, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ, హేమశ్రీ అని వచ్చినప్పుడు పేరు ఎంత బాగుందో అని సంతోషపడి, రవిచంద్ర దగ్గర కాసేపు తడబడి, సకుటుంబ సపరివార సమేతంగా అన్న చోట మూడుసార్లు పడి లేచి, చివరికి తారీకు దగ్గరికి వచ్చేసరికి వాళ్లు బండెక్కి వెళ్లి అరగంట దాటింది. ఫిబ్రవరి పంతొమ్మిది, గురువారం. ఇది జూను. ఉగాది అయిపోయింది, రంజాన్ అయిపోయింది, బక్రీద్ కూడా అయిపోయింది. నాలుగు నెలల కిందట తాళి కట్టేసిన పెళ్లికి ఈ పొద్దున పిలుపు తెచ్చారు ఆ ఇద్దరూ.

వచ్చి ఏం అడిగారు? కొడుకు షాకిర్ ఎక్కడున్నాడని అడిగారు. తను చెప్పింది. అదీ జరిగింది. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా అంతకన్నా చిన్నది కావడం లేదు. పూతలపట్టు దాటినాక వంక పక్కన మునిప్రసాద్ తోట ఉండాది చూడు నాయనా, ఆడికి పోయినాడు, పన్నెండు దాకా ఆడే ఉంటాడు అని, చిత్తూరులో తన ఇంటి గడపలో నిలబడి, చెయ్యి చాపి దిక్కు కూడా చూపించింది. ఇప్పుడు తిరుపతి బస్సులో కిటికీ పక్క సీట్లో ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతిలో కార్డు, రెండో చేతిలో ఫోను. బస్సు కాణిపాకం ఆర్చి దాటి కొంచెం దూరం వచ్చి ఆగిపోయింది. ముందర బెంగుళూరా మామిడికాయల ట్రాక్టర్లు, ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆనినంత దూరం, ఎక్కడో ఉన్న జ్యూస్ ఫ్యాక్టరీ గేటు దాకా. డీజిలు దండగని ట్రాక్టర్ల వాళ్లు ఇంజన్లు ఆపేసి, కాయల మీదే తువ్వాలు కప్పుకుని పడుకున్నారు. బస్సు డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు. ఆపగానే బస్సంతా ఒక్కసారి వేడెక్కింది. ఎక్కడో ఒక కాయ చితికి పులిసిన వాసన వచ్చింది. పదకొండు అయిదు. పన్నెండు దాకా ఆడే ఉంటాడు.

మళ్లీ నొక్కింది. మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం స్విచ్చాఫ్ చేయబడి ఉంది. ఆ అమ్మాయికి ఎంత మర్యాదో, పదకొండుసార్లు అడిగినా విసుక్కోదు, పదకొండుసార్లూ అదే చెబుతుంది. ఫోను చేతిలో ఉంటే మనం యాడుండేదీ వాళ్లకు తెలిసిపోతాదమ్మీ, అంటాడు షాకిర్. ఇలాంటి వార్తల పనిమీద పోయినప్పుడల్లా ఆపేస్తాడు. ఫోను ఆపేశాడు. మెడలో వేసుకునే పేపరు వాళ్ల గుర్తింపు కార్డు వేసుకోలేదు. రోజూ పోయే రోడ్డు వదిలి పల్లెల మీదుగా పోయాడు. ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని, ఇంట్లో తల్లి ఒకతె ఉందనీ, దానికి నోరుందనీ మరిచిపోయాడు. కాదు, మరిచిపోలేదు, వాడి మీదకు తోసేయకూడదు. చెప్పులేసుకుంటూ చెప్పాడు.

"అమ్మీ, ఎవురన్నా నన్ను అడిగితే తెలీదని చెప్పు."

"ఎవురడుగుతార్రా?"

"ఎవురన్నా."

ఎవరన్నా అంటే ఆమె కంటికి ఆనింది జీపులో వచ్చేవాళ్లు, గడప బయట నిలబడి గట్టిగా పేరు పెట్టి పిలిచేవాళ్లు, పోయిన నెల వచ్చి నీ కొడుకును నోరు కట్టుకోమను ముసిల్దానా అని పోయినవాడు. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లు ఎవరన్నా ఎట్లా అవుతారు? తెల్లచొక్కా ఆయన చెప్పులు వాకిట్లోనే విప్పాడు. ఆ చెప్పులు విప్పడమే తనను ముంచింది. రెండోవాడు బండి మీదే కూర్చున్నాడు, నెత్తిన హెల్మెట్ తియ్యలేదు. చిన్నవాడు, సిగ్గేమో అనుకుంది. సలామ్ అమ్మా, షాకిర్ సార్ ఇల్లు ఇదే కదా, అన్నాడు తెల్లచొక్కా. కార్డుకు నాలుగు మూలలా పసుపు. లేడు నాయనా, పనిమీద పోయినాడు, ఇట్లియ్యి, వచ్చినాక ఇస్తాను అంది. ఆయన అయ్యో అన్నాడు. మనసులో ఏమీ లేని మనిషి అయ్యో అన్నట్టే అన్నాడు.

"కార్డు నీ చేతికిస్తాను, దానికేముంది. పిలుపు మాత్రం ఆయన్ను చూసి చెప్పాలమ్మా. ఆడోళ్లకిచ్చి వచ్చేస్తే పిలిచినట్లు కాదని మా అన్న మరీమరీ చెప్పి పంపినాడు."

అది తనకు తెలియని మాటైతే కదా అనుమానించడానికి. తన భర్త షఫీవుల్లా బతికున్న రోజుల్లో సొంత తమ్ముడి కూతురి నికాకు ఇట్లాగే పట్టుబట్టాడు. కార్డు నీకిచ్చి పోయినారా, అయితే నువ్వు పో, నన్నెవురూ పిలవలేదు అని గోడకు తిరిగి పడుకున్నాడు. తమ్ముడు పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాక గాని చొక్కా వేసుకోలేదు. మగవాడిని ముఖం చూసి పిలవడం ఇక్కడ ఎవరి ఇంట్లో అయినా అంతే, వాళ్లూ వీళ్లూ అని లేదు. ఇంటికి పిలుపు తెచ్చిన మనిషిని, వాడు యాడున్నాడో తెలీదు పో అని పంపితే ఆ ఇంటి పరువేం కావాలి? అందుకే చెప్పింది. పైగా ఆయన, మీ ఆయన మా ఇంటి బిందెలకు కళాయి పోసినాడమ్మా, అన్నాడు కదా. అన్నాడా? ఆగు. ముందు ఎవరన్నారు? ఆమె కళ్లు మూసుకుంది. గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆయన గ్లాసు తిప్పి చూసి, బాగుందే అన్నాడు. అప్పుడు తనే అంది, మా ఆయన కళాయి పోసేటోడు నాయనా, చిత్తూరు చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని బిందె లేదు. అప్పుడు ఆయన, అవునమ్మా, మా ఇంటి బిందెలకు కూడా, అన్నాడు. తాడు తనే అందించింది, ఆయన పట్టుకున్నాడు. ఊరడిగితే ఊరు, తోటడిగితే తోట, తోట గలాయన పేరు కూడా. పాపం మునిప్రసాద్. ఆ ఫ్యాక్టరీ మురుగు గొట్టం తన గట్టు కింద నుంచే వంకలోకి పోతుందని చూపిస్తానన్న మనిషి. నా పేరు మాత్రం యాడా రానీయద్దప్పా, అని షాకిర్ చేతిలో చెయ్యి వేయించుకున్న మనిషి. ఆ చెయ్యి మీద తను కిరసనాయిలు పోసి వచ్చింది.

పక్క సీట్లో ఎవరో కదిలారు. కండక్టరు మునిలక్ష్మి, ఈ దారిలో అందరికీ తెలిసిన మనిషి, డ్రైవరు దగ్గర నుంచి వెనక్కి నడుస్తూ, ఎవురూ తొందరపడద్దండి, కాయలకే లేని తొందర మనకెందుకు, అంటూ పోయింది. ఎవరో నవ్వారు. వహీదున్నీసా కూడా నవ్వినట్టు ముఖం పెట్టింది, అలవాటు. పదకొండు పది.

పూతలపట్టు. ఆమె చదివిన మొదటి మాట అది. షఫీవుల్లా పోయి అయిదేళ్లయ్యాక ఒక పొద్దున, షాకిర్ పేపరు తెచ్చి నేల మీద పరిచి, ఇది నేను రాసిందమ్మీ అన్నాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, వాడు రాసేది తెలుగు, ఆమెకు రెండూ నోట్లోనే ఉన్నాయి, కంట్లో లేవు. యాడరా నీ పేరు, అని వేలితో వెతికింది. మాకు పేర్లుండవమ్మీ, మండలానికి ఒకడం ఉంటాం, ఊరి పేరే మా పేరు, ఇదో ఇది, పూ, త, ల, ప, ట్టు. ఆ ట కింద ట చూసి ఎంత నవ్వింది, ఒకటి నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నాయేందిరా ఇవి, అని. ఆ రోజు నుంచి ఆరేళ్లుగా రోజూ పొద్దున ఒక వార్త. వాడు టీ తాగేలోపల ఆమె చదవాలి. తప్పు చదివితే ఏమీ అనడు, మొదట్నించి రా అంటాడు. సరిగ్గా చదివితే, బాగా చదివినావమ్మీ అంటాడు, వాళ్ల నాయన మెరిసిన గిన్నెను ఎండకు పెట్టి చూసి తల ఊపినట్టు. కళాయి పోసేటప్పుడు నవాసారం పొగ లేస్తుంది, కళ్లు మండుతాయి, ఆ పొగలోనే తగరం కరిగి గిన్నె లోపల ఒక్క చుట్టు తిరిగితే నల్లటిది తెల్లగా అయిపోతుంది. చిలుం పట్టిన గిన్నెలో వండితే ఇంటిల్లిపాదికీ విషం, అందుకే మన పని గొప్పది అనేవాడు ఆయన. కొడుక్కు ఆ పని రాలేదు. ఊళ్లో పట్టిన చిలుమంతా ఎత్తి చూపే పని వచ్చింది. దాన్ని చూసి తను మురిసింది. మురిసి ఊరుకుందా? పేరు లేని వార్తకు తన నోటితో పేరు పెట్టింది. ఆస్పత్రి వరసలో, రేషను వరసలో, మసీదు వీధిలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, ఈ పూతలపట్టు వార్త మా వాడిది, అని వేలు పెట్టి చూపించింది. ఇల్లు ఎట్లా తెలిసిందో ఇంక వేరే వెతకనక్కర్లేదు.

ఆ జ్యూస్ ఫ్యాక్టరీ నీళ్ల సంగతి మొదటిసారి రాసినప్పుడు బండి టైర్లు కోశారు. రెండోసారి రాసినప్పుడు వాడి మీదే కేసు పెట్టారు, ఫ్యాక్టరీలోకి జొరబడి బెదిరించాడని. స్టేషన్లో పొద్దున పది నుంచి దీపాలు పెట్టేదాకా బల్ల మీద కూర్చోబెట్టారు. ఆమె సద్ది డబ్బా పట్టుకుని ఎదురుగా చెట్టు కింద కూర్చుంది. లోపలికి తీసుకుపోనివ్వలేదు. తన మీద దాడి జరుగుతుందని వాడిచ్చిన కాగితం మాత్రం తల్లీకొడుకులు ఇంటికి చేరకముందే ఫ్యాక్టరీకి చేరింది. రాత్రి, ఇంక చాల్లే, కోళ్ల ధర రాయి, జాతర రాయి, ఎవురు కాదంటారు, అని నిలోఫర్ ఏడ్చింది. వాడు కాళ్లు కడుక్కుని వచ్చి, ఆ ఊర్లో పిల్లోళ్ల చేతులు చూసినావా నువ్వు, అన్నాడు అంతే. చర్మం పొట్టు లేస్తోందట, ఆ బోరు నీళ్లతో.

నిలోఫర్‌కు ఫోను చేసింది. మోగుతోంది, ఎన్నిసార్లు చేసినా ఎత్తదు. తిరుపతిలో కోడలు పనిచేసే స్కూల్లో టీచర్ల ఫోన్లన్నీ పొద్దునే ఆఫీసు అలమారాలో పెట్టేస్తారు, ఒంటిగంటకు గాని ఇవ్వరు. మూసిన అలమారాలో ఆ ఫోను ఒక్కటే వెలుగుతూ ఉంటుంది. ఒంటిగంటకు తీసి చూసుకుంటుంది, అత్తమ్మ ఏడుసార్లు చేసిందని. ఒంటిగంటకు అన్నీ అయిపోయి ఉంటాయి. తౌబా, ఏం మాట అది, నోట్లోకి రానీయకూడదు, మనసులోకి వస్తే? మనసుకు తలుపెక్కడుంది వేయడానికి?

జయరావు గుర్తొచ్చాడు. చిత్తూరు ఆఫీసులో పెద్దాయన, షాకిర్ రోజూ వార్తలు పంపేది ఆయనకే, పోయినసారి ఇంటికొచ్చి సేమియా తిని, మీ కొడుకు రత్నమమ్మా అన్నాడు. నంబరు ఉంది. ఎత్తాడు. ఆమె గొంతు సవరించుకుని, షాకిర్ వాళ్ల అమ్మను సార్, పిల్లోడు వార్త పనిమీద పోయినాడు, ఫోను పలకలేదు, వాని వెనకాల ఎవురో పోయినారు సార్, మీ ఆఫీసోళ్లను నలుగుర్ని పంపించండి, అంది. అవతల ఎవరో టైపు కొడుతున్న చప్పుడు.

"అమ్మా, షాకిర్ ఇప్పుడు మా దగ్గర చేయడం లేదు. పది రోజులైంది. మీకు చెప్పలేదా?"

"పొద్దున కూడా పోయినాడే సార్."

"ఐడీ కార్డు కూడా వెనక్కి తీసుకున్నాం. నా చేతిలో ఏం లేదమ్మా, పైనుంచి వచ్చింది. ఆ ఫ్యాక్టరీ జోలికి పోవద్దని వెయ్యిసార్లు చెప్పినాను." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఎక్కడికి పోయినాడు?"

ఆమె నోరు తెరిచింది. వంక, తోట, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. పొద్దున ఎంత సులువుగా వచ్చాయో అంత సులువుగానే వచ్చాయి. ఎవురన్నా అడిగితే తెలీదని చెప్పు. ఎవురన్నా.

"తెలీదు సార్," అంది.

సరేనమ్మా, తెలిస్తే చెప్పండి, అని ఆయన పెట్టేశాడు. పెట్టేశాక ఆమె ఫోను వైపు చూసింది. చెప్పకూడని వాడికి చెయ్యి చాపి చూపించింది, నలుగురిని పంపగలిగిన వాడికి తెలీదంది. పంపేవాడా? ఏమో. సేమియా తిన్నవాడు. మళ్లీ చేసి చెప్పనా? చెబితే ఆయన ఎవరితో అంటాడు, ఆ ఎవరు ఇంకెవరితో అంటారు? పది రోజులు. పది రోజులుగా వాడు పొద్దున్నే లేచి, టీ తాగి, ఆమె చేత వార్త చదివించి, సంచి భుజాన వేసుకుని పోతున్నాడు. ఎక్కడికి? ఎవరికి రాయడానికి? అచ్చు వేసేవాడు లేని వార్త కోసమా బురదలో దిగడం? ఇప్పుడు తెలుస్తోంది, ఈ పది రోజులూ వాడు పూతలపట్టు వార్త చదివించలేదు. ఈ దినం ఏర్పేడు చదువమ్మీ, కొత్త అక్షరాలు ఉండాయి, అన్నాడు. తను చదివింది. ఒక రోజు అడక్కుండా పూతలపట్టు మీద కళ్లు వేస్తే, జాతర గురించి ఏదో ఉంది, ఇది నీ మాటల మాదిరి లేదే అంటే, నవ్వి పేజీ తిప్పేశాడు. చదువు నేర్చినా చదవలేకపోయింది.

"ఎవురి పెళ్లక్కా?"

పక్క సీటామె వంగి కార్డు చూస్తోంది. నలభై దాటిన మనిషి, చేతులకు మామిడి సొన కారి నల్లటి మచ్చలు, ఒళ్లో సంచి. కండక్టరు ఇందాక భారతమ్మా అని పిలిచింది ఈమెనే. సమాధానం కోసం ఆగలేదు, చూపు నేరుగా తారీకు మీదే పడింది. చూడు, ఎవరైనా ముందు తారీకే చూస్తారు.

"ఇది ఫిబ్రవరిది కదక్కా. పెళ్లయి, పిల్ల కడుపుతో కూడా ఉంటాది ఈపాటికి. ఇప్పుడు పోతే భోజనం పెట్టేది ఎవురు నీకు?"

"తెలిసినోళ్లది," అంది వహీదున్నీసా.

"బాగుండాది. యాడ దిగేది?"

పూతలపట్టు అనబోయి, ముందర, అంది. భారతమ్మ అదేమీ పట్టించుకోలేదు. ట్రాక్టర్ల వరస చూపించి, ఈ కాయలన్నీ తినేది ఎవురో గాని, ఆ కడిగిన నీళ్లు మాత్రం తాగేది మేమే, అంది. వాళ్ల ఊరు ఆ వంక కిందేనట. ఎండాకాలం వస్తే బోరు నీళ్లు కల్లు వాసన కొడతాయట, మా ఆయనకు ఒక్కడికే సంతోషం, అని నవ్వింది. ఎవరో పేపర్లో రాశాడట. రాసినాక రెండు దినాలు ట్యాంకరు నీళ్లు తోలినారు, మూడో దినం మళ్లా మామూలే. వహీదున్నీసాకు ఆ మాట దగ్గర మా వాడే అనాలని ఆరేళ్ల అలవాటు నాలుక మీదకు వచ్చింది. నొక్కిపట్టింది.

"రాసినోడు మంచోడేమో," అంది.

"మంచోడే. మంచోడైతే ఏం లాభం, ఒంటోడు. మొన్న టీ అంగడి కాడ అనుకుంటావుండారు, ఈ సీజను దాటేలోపల వానికి కాళ్లుండవని. పేపరోడికి చేతులు కదా తియ్యాల్సింది, కాళ్లేం చేసినాయి అని మా ఆయన అడిగినాడు. తాగినాడు కదా, ఏమన్నా అడుగుతాడు." ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. "తాగక్కా, ఏందట్లా అయిపోతావుండావు. ఇది చిత్తూరు నీళ్లే, భయపడద్దు."

తాగింది. సీసా తిరిగిచ్చింది. పదకొండు ఇరవై అయిదు. బైకులు మాత్రం పోతున్నాయి, ట్రాక్టరుకూ బస్సుకూ మధ్య ఉన్న సందులోంచి, పాము పోయినట్టు. ఆ ఇద్దరూ కూడా ఇట్లాగే పోయి ఉంటారు, ఎక్కడా ఆగకుండా. ఆమె లేచింది. మోకాళ్లు పట్టుకుని మెట్ల దాకా వచ్చింది. దిగి యాడికి పోతావు పెద్దమ్మా, మూడు కిలోమీటర్లుండాది, అంది మునిలక్ష్మి. ఎవరినన్నా బండి అడుగుతాను, అంది. కింద మెట్టు మీద నిలబడి చెయ్యి ఎత్తింది. ఒక బండి పోయింది. ఇంకొకటి. మూడోది నెమ్మదించింది. నడిపేవాడు హెల్మెట్ తియ్యకుండానే తల తిప్పి, యాడికి పోవాలమ్మా, అన్నాడు. మంచి గొంతు. అద్దం వెనక కళ్లు కనిపించలేదు. పొద్దున వాకిట్లో బండి మీద కూర్చున్నవాడికీ ఇట్లాంటి నల్ల హెల్మెట్టే. అన్నీ నల్లవే కదా. ఇతను మంచివాడే కావచ్చు, కాయలమ్ముకుని ఇంటికి పోయే రైతు కావచ్చు. కాని ఎక్కాలంటే చెప్పాలి. పోలీసులకు ఫోను చేయాలన్నా చెప్పాలి. ఎవరి సాయం అడగాలన్నా ముందు వాడున్న చోటు చెప్పాలి. మళ్లీ చెయ్యి చాపి ఆ దిక్కు చూపించాలి.

"ఏం లేదు నాయనా, పో," అంది.

అతను భుజాలెగరేసి పోయాడు. ఆమె వచ్చి సీట్లో కూర్చుంది. చీర కొంగు కింద వేళ్ల మీద అల్లా పేరు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. యా హఫీజ్, యా హఫీజ్. కాపాడేవాడా. ఎంతవరకు వచ్చిందో మరిచిపోయింది, మళ్లీ మొదట్నించి. ఈ బస్సు కదిలితే చాలు. కదిలితే ఏం చేస్తావు? పూతలపట్టులో దిగి, వంక దాకా నడిచి, ఆ మోకాళ్లతో, ఏం చేస్తావు? అడ్డం పడతావా? కార్డు చూపించి, ఇది ఫిబ్రవరిది నాయనా, అని నిలదీస్తావా? అయినా సరే, కదిలితే చాలు. వాడి బండి చప్పుడు వింటే చాలు. ఆ చప్పుడు వెయ్యి బండ్లలో కూడా గుర్తుపడుతుంది. సైలెన్సరు బిగింపు ఊడిపోతే షెడ్డుకు పోకుండా, వాళ్ల నాయన పెట్టెలోంచి ఇత్తడి తీగ తీసి కట్టుకున్నాడు. గుంతలో పడ్డప్పుడల్లా గణగణమంటుంది. సాయంత్రం వీధి మలుపులో ఆ గణగణ వినపడితే ఆమె టీ నీళ్లు పెడుతుంది. పూలమ్మే అమ్మి కూడా అంటుంది, మీ వాడు గుర్రబ్బండిలో వచ్చేసినాడక్కా అని. కార్డు మూలలో పసుపును బొటనవేలితో రుద్దింది. కొత్త పసుపు వేలికి అంటుతుంది. ఇది అంటలేదు. ఎప్పుడో ఆరిపోయిన మరక. కంటికి అక్షరాలు రావు సరే, వేలికి పసుపు తెలియదా?

ఫోను మోగింది. తెర మీద రెండు అక్షరాలు, షా, కిర్. ఆమె చదివిన రెండో మాట.

"అమ్మీ."

"బేటా, బేటా, ఎట్లుండావు?"

"బాగుండా. నువ్వు నెమ్మదిగా విను. పొద్దున ఇంటికి ఎవురన్నా వచ్చినారా?" గొంతు పొద్దున పేపరు ముందు కూర్చున్నప్పటి గొంతే, తొందర లేదు. వెనకాల ఆకులు కదులుతున్న చప్పుడు, ఎవరో దగ్గారు.

"వచ్చినారు."

"పెళ్లికార్డు ఇచ్చినారా?"

"ఇచ్చినారు."

"ఇచ్చినామని మేం చెప్పలేదా సార్," అని పక్క నుంచి వినపడింది. తెల్లచొక్కా. అదే మెత్తదనం. "అమ్మ చేతికే ఇచ్చినాం. రాండి సార్, మా అన్న రోడ్డు మీద కారులో ఉండాడు, ఒక్క మాట పిలుస్తాడు, పోదాం."

"ఉండండప్పా, తారీకు తెలుసుకోనీండి, మళ్లా వేరే పని పెట్టుకుంటానేమో," అన్నాడు షాకిర్. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు, స్టేషన్ బల్ల మీద నుంచి ఆమెను చూసి నవ్వింది అదే. "అమ్మీ, కార్డు నీ కాడ ఉండాదా?"

"చేతిలోనే ఉండాది."

"తారీకు చదువు."

వచ్చే వారం అంటే? వాడు నమ్ముతాడు, వాళ్ల వెంట కారు దాకా నడుస్తాడు. ఉన్నది చదివితే? వాడికి తెలుస్తుంది, వాళ్లూ వింటారు. మూడో మాట ఒకటి ఉంటే బాగుండును, ఆమెకు తెలిసిన యాభై ఆరు అక్షరాల్లో ఎక్కడన్నా. తెలీదు అని చెప్పు, ఎవురన్నా అడిగితే. ఇప్పుడు అడుగుతున్నది వాడే. ఆమె కార్డు కళ్ల దగ్గరకు తెచ్చుకుంది. వేలు పెట్టలేదు. పైనుంచి రాలేదు, పేర్ల దగ్గర ఆగలేదు, నేరుగా కిందికి దూకింది.

"ఫిబ్రవరి పంతొమ్మిది," అంది. "గురువారం."

అవతల ఆకుల చప్పుడు ఆగినట్టయింది.

"బాగా చదివినావమ్మీ," అన్నాడు షాకిర్.

తర్వాత మాటలు లేవు. ఫోను కింద పడ్డ చప్పుడు, కట్ కాలేదు. పట్టుకో అని ఎవరో. ఎండుటాకుల మీద కాళ్లు, రెండు జతలా, మూడా, ఇంకా ఎక్కువా. మునిప్రసాదేమో, ఒక కేక, సగంలోనే ఆగింది. ఏదో మెత్తటి దాని మీద ఏదో పడ్డట్టు ఒక దెబ్బ, అది కాయ రాలిన చప్పుడు కావచ్చు, మామిడితోట కదా, కాయలు రాలుతాయి. తర్వాత కిక్కు కొట్టిన చప్పుడు. ఒకసారి. రెండోసారి. అంటుకుంది. బండి ఒకటి కదిలింది. ఆమె ఊపిరి బిగబట్టి, ఫోనును చెవిలోకి అదుముకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని, ఆ బండి గుంతలో పడేదాకా ఆగింది. పడితే తెలుస్తుంది. ఇత్తడి తీగ గణగణమంటే వాడిది, అనకపోతే వాళ్లది. ఇంకొక్క క్షణం.

అప్పుడే ముందర ఎక్కడో గేటు తీశారు. మొదటి ట్రాక్టరు అంటుకుంది, దాని వెనకది, దాని వెనకది, వరసంతా, కాయల మీద పడుకున్నవాళ్లు లేచి దూకి ఒక్కొక్కరే ఇంజన్లు వేసుకుంటూ, ఆ మోత రోడ్డు పొడుగునా దొర్లుకుంటూ వచ్చి బస్సు కిందికి చేరింది. డ్రైవరు తాళం తిప్పాడు. అద్దాలు గడగడలాడాయి. కదిలిందక్కా, కదిలిందిపో, అని భారతమ్మ ఆమె మోకాలు తట్టింది.

ఒక్క నిమిషం ఆపమనండి, అంది వహీదున్నీసా. ఆ మోతలో అది ఆమెకే వినపడలేదు. అరగంట నుంచి కదలమని వేడుకున్న బస్సు, పూతలపట్టు దిక్కుగా, మెల్లగా కదిలింది.